మరూసో అమ్మే వారం

మరూసోకు ఏథెన్స్ బ్యాంకులో ఒక మేనల్లుడున్నాడని, షేరు ధర పడబోయే ముందు ఆమె చెవిన వేస్తాడని రేవులో అందరూ అనుకునేవారు. లేకపోతే వలలు బాగుచేసుకుని బతికే విధవరాలు ఏటా ఈస్టర్ ముందు, సరిగ్గా ఓడల కంపెనీ షేరు జారే వేళకే ఎలా అమ్ముతుంది?

ఆ ద్వీపంలో పొయ్యి వెలిగే ప్రతి ఇంట్లోనూ ఆ షేర్లున్నాయి. పాంతెలిస్ అయితే కూతురి ఇంటికని దాచిన డ్రాక్మాలన్నీ వాటిలోనే పోశాడు. రోజూ ధర చూసి గళ్ల కాగితం మీద పెన్సిలు గీత పొడిగించేవాడు. ఏ ఏడు చూసినా ఒకటే వరస: ఈస్టర్ ఉపవాసాల చివర లోయ, వేసవికి మళ్లీ కొండ. అది రుతువు లాంటిదైతే ఓపిక పట్టొచ్చు. ఎవరో మోస్తున్న కబురైతే, ఈసారి లోయకు అడుగే ఉండకపోవచ్చు.

ఆ ఉదయం మరూసో నల్ల తలగుడ్డ బిగించి బ్రోకరు ఆఫీసు మెట్లెక్కింది.

"అదిగో, మేనల్లుడు ఫోన్ చేశాడు!" అన్నాడు కాఫీ కొట్టు స్ట్రాటిస్. "పాంతెలిస్ బావా, నీ కొండలూ లోయలూ చుట్టి చంకన పెట్టుకో. పద, అమ్మేద్దాం!"

"ఆవిడ అమ్మితే నువ్వూ అమ్ముతావా?"

"ఏటా అంతేగా. నేనొక్కణ్నేనా, రేవంతా అంతే!"

పాంతెలిస్ అమ్మకం చీటీ మీద సంతకం చేశాడు కానీ ఇవ్వలేదు. ముందు ఆ మేనల్లుణ్ని పట్టుకోవాలనుకున్నాడు. డబ్బు తీసుకుని బయటికొచ్చిన మరూసో వెనకే నడిచాడు. ఆమె దారిలోని ఫోన్ బూత్ వైపు చూడనైనా చూడలేదు. చెప్పుల కొట్టులో దూరింది.

"అక్కా, నిజం చెప్పు. అమ్మమని నీకెవరు చెప్పారు?"

"ఆ బుడ్డోడు, స్టెలియోస్ గాడు! నిరుటి జోళ్లలోంచి బొటనవేలు తొంగిచూస్తోందట వెధవకి."

"మరి ఏథెన్స్‌లో మేనల్లుడు?"

"ఎవడు వాడు? మా అమ్మకు నేనొక్కదాన్నే. మా ఆయనా ఒక్కడే. నీకేమైనా మతిపోయిందా తమ్ముడూ?"

బల్ల మీద చిన్నా పెద్దా జోళ్ల పెట్టెలు, పక్కన రిబ్బన్లు కట్టిన కొవ్వొత్తులు: ఈస్టర్‌కి పిల్లలకు వాళ్ల జ్ఞానతల్లి కొనివ్వాల్సినవి. కిటికీలోంచి బ్రోకరు మెట్లు కనిపించాయి. స్ట్రాటిస్ ముందు, అతని వెనక కాఫీ కొట్టు మొత్తం, అమ్మకం చీటీలతో. ఏటా ఆ లోయ తవ్వుతున్న చేతులన్నీ పాంతెలిస్‌కి తెలిసినవే. అతను చీటీని నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు.

మరూసోకు కడుపున పుట్టిన పిల్లలు లేరు. ఆ రేవులో పదకొండు మంది పిల్లలకు బాప్తిస్మం ఇప్పించిన జ్ఞానతల్లి ఆమే.