పటంలో నల్ల కార్జం

మా తమ్ముడు ఎన్నాళ్లో బతకడని తెలిసినప్పుడు నాకు పదకొండేళ్లు, వాడికి ఏడాదిన్నర. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలు కాలేదు. తమ్ముడి సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. అదే పెద్ద కష్టం.

మూసీ ఇవతలి గౌలిపురలో మాది పాల ఇల్లు. సాయంత్రమయ్యేసరికి ఆరు బర్రెల పాలు పితకాలి. అమ్మ, నాయినమ్మ పనిలో ఉంటే తమ్ముడు తప్పటడుగులు వేస్తూ వెళ్లి బర్రెల కాళ్ల సందున దూరేవాడు. అందుకని నాయినమ్మ చెంబు పట్టుకునే ముందే వాడికి ఉగ్గుగిన్నెతో ఈత కల్లు పట్టేది. వాడు చాప మీద బుద్ధిగా పడుకునేవాడు. ఇందులో దాపరికమేమీ లేదు. మా అందరినీ ఆమె అలాగే పెంచింది. బోనాలకు, పెళ్లిళ్లకు, ఎండ దెబ్బ తగిలినప్పుడు నాకూ ముంతలో పోసేది. కల్లు చలువ అని ఆమె నమ్మకం. నాకైతే రుచి కూడా నచ్చేది, అబద్ధం ఎందుకు?

మా ఆడపిల్లల తెలుగు బడికి టీచరమ్మ మూసీ అవతలి నుంచి జట్కాలో వచ్చేది. చాలా మంచి మనిషి. కల్లు వాసన కూడా ఎరగని ఇంట్లో పుట్టింది. ఒకరోజు ఎక్కడి నుంచో రంగుల పటం తెచ్చి గోడకు తగిలించింది. అందులో రెండు కార్జాలు, అంటే కాలేయాలు. తాగని మనిషిది గులాబీ రంగులో నిగనిగలాడుతోంది. తాగినవాడిది నల్లగా ఉంది. చిన్నప్పుడే మొదలుపెడితే తొందరగా నల్లబడుతుందని, నల్లబడ్డాక మనిషి దక్కడని చెప్పింది. “మీ నాన్నలకు చెప్పండి, అన్నలకు చెప్పండి” అంది. ఎదురుగా కూర్చున్న మేమే తాగుతామన్న అనుమానం ఆమెకు కలలో కూడా రాలేదు. ముందు వరుసలో ఉన్న నేను మొన్న ఆదివారమే ముంత ఖాళీ చేశాను.

నా సంగతి నేను పెద్దగా పట్టించుకోలేదు. తమ్ముడు గుర్తొచ్చాడు. వాడికి రోజూ పడుతున్నారు.

ఆ సాయంత్రం నాయినమ్మ అటు తిరగగానే గిన్నె లాక్కుని కల్లంతా నేల మీద పారబోశాను. నా వీపు మీద ఒక్కటి పడింది.

“ఏందే, పిచ్చి లేసిందా?”

“కార్జం నల్లగైతదంట. తమ్ముడు సచ్చిపోతడంట. టీచరమ్మ చెప్పింది.”

“నోర్ముయ్! మీ నాయనకు నేను గిట్లనే తాపిన. దున్నపోతు లెక్క లేడా?”

మా నాన్న నిజంగానే దున్నపోతులా ఉండేవాడు. మర్నాటి నుంచి ఆమె నన్ను దగ్గరికి రానివ్వకుండా తనే పట్టింది. వాడు నిద్రపోయాక నేను పక్కన కూర్చుని ముక్కు కింద వేలు పెట్టి చూసేదాన్ని. మూడు రోజులు అన్నం సయించలేదు.

నాలుగో రోజు పొద్దున్నే అమ్మ మాంసానికి పంపింది. యాకుత్‌పురా వెళ్లే దారిలో ఖసాయి చాచా దుకాణం. కొక్కేనికి మేక కార్జం వేలాడుతోంది. ఎర్రటి నలుపు. ఇంచుమించు పటంలోని తాగుబోతుదే.

“చాచా, గీ మేక కల్లు తాగిందా?”

చాచా కత్తి పక్కన పెట్టి మరీ నవ్వాడు. “క్యా బేటీ! మేకకు కల్లు ఎవడు పోస్తడు? ఆకు తిన్నది, నీళ్లు తాగింది. తాజా కలేజీ గిదే రంగుంటది.”

నాకు ఒక పక్క ప్రాణం లేచొచ్చింది, ఇంకో పక్క ఒళ్లు మండిపోయింది. మూడు రోజులు ఉత్త పుణ్యానికి ఏడ్చానా? చాచాను అడిగి చిన్న ముక్క మోదుగాకులో కట్టించుకుని, మాంసం ఇంట్లో పడేసి, తిన్నగా బడికి పోయి టీచరమ్మ బల్ల మీద విప్పాను.

ఆమె శాకాహారి. కుర్చీతో సహా వెనక్కి జరిగింది.

“ఇది మేకది. తాగలేదు. మరి గిట్లెందుకున్నది?” అన్నాను. గొంతు పెద్దదే చేశాను.

కొడుతుందనుకున్నాను. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ముక్కనూ పటాన్నీ మార్చి మార్చి చూసింది. “నేనెప్పుడూ చూడలేదమ్మా. బొమ్మ వేసినవాడు ఏ రంగు వేస్తే అదే అనుకున్నాను” అంది. తర్వాత, “ఇంత కోపమెందుకు నీకు?” అని అడిగింది. అంతే, నేను భోరుమన్నాను. తమ్ముడి సంగతంతా ఏడుస్తూనే చెప్పాను.

ఆమె క్లాసు వైపు తిరిగి, “మీలో కల్లు తాగినవాళ్లు చేతులెత్తండి” అంది. మొదట నాదొక్కటే లేచింది. ఆ తర్వాత ఒక్కొక్కటే లేచి, నలుగురైదుగురివి తప్ప అందరివీ లేచాయి. టీచరమ్మ పటం తీసి చుట్టేసింది.

“రంగు మాట వదిలేయండి. ఏళ్ల తరబడి తాగితే కార్జం చెడుతుంది, అది నిజం. పిల్లలది ఇంకా పెరిగే ఒళ్లు, అందుకే మీకు చుక్క కూడా వద్దు. ఇప్పుడు ఆపితే మించిపోయిందేమీ లేదు.” నా తల మీద చెయ్యి వేసింది. “మీ తమ్ముడు చావడు. కానీ వాడిది నిద్ర కాదు, మత్తు. ఇవాళే మాన్పించాలి.”

చావడు అన్న మాట వినగానే కళ్లు తుడుచుకున్నాను. అంత హాయి నాకు ఆ తర్వాత పరీక్షలు పాసైనప్పుడు కూడా కలగలేదు.

సాయంత్రం జట్కా మా వాకిట్లో ఆగింది. ఈవిడ ఉపన్యాసం మొదలుపెడితే నాయినమ్మ తరిమేస్తుందని నేను వణికాను. టీచరమ్మ ఒక్కటే అడిగింది. “అవ్వా, బాబుకు కల్లెందుకు పడుతున్నారు?”

“పాలు పిండేటప్పుడు గీన్ని ఎవలెత్తుకుంటరు? నువ్వెత్తుకుంటవా?”

“ఇటివ్వండి” అని ఆమె చేతులు చాచింది. ఆ పేడలో నిలబడి, ఆరు బర్రెలూ అయ్యేదాకా వాణ్ని ఎత్తుకుంది. వాడు ఆమె జుట్టు పీకాడు, ఖద్దరు చీర తడిపాడు. ఆఖరి చెంబు దించి నాయినమ్మ ఆమె అవతారం చూసి పకపకా నవ్వింది.

“పో, రేపట్సంది తాపను. గీ పోరే ఎత్తుకుంటది.”

మర్నాడు వాడు నా చంకలో చేసిన లొల్లి ఇంతా అంతా కాదు. కల్లు కావాలని గుక్కపట్టి ఏడ్చాడు, భుజం కొరికాడు, కాళ్లతో తన్నాడు. గల్లీ ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పుతూనే ఉన్నాను. పక్కిళ్లవాళ్లు తలుపులు తీసి చూశారు. బర్రె కింద నుంచే నాయినమ్మ అరిచింది.

“ఇంటున్నవా? ఇప్పుడు సంబురమైందా నీకు?”

“అయింది నాయినమ్మా” అన్నాను. వాడు ఇంకా గట్టిగా ఏడ్చాడు. నేను నవ్వుతూ మళ్లీ గల్లీలోకి నడిచాను.