పెద్దాయన ఆఖరి డిజైన్

ఆఫీసులో ఆమెను అందరూ స్పీడ్‌బ్రేకర్ అంటారు. మొహం మీదే అంటారు, ఆమె కూడా నవ్వి ఊరుకుంటుంది. కంప్యూటర్‌లో ప్రోగ్రాములన్నిటికీ అడుగున ఉండి వాటి బాగోగులు చూసే కెర్నెల్‌లోకి ఏ కొత్త కోడ్ వెళ్లాలన్నా ముందు ఆమె తల ఊపాలి. ఆ తల అంత తేలిగ్గా ఊగదు.

ఈసారి ఆమె ముందుకొచ్చిన డిజైన్ పెద్దాయనది. ఆమెకు ఈ పనిని ఓనమాల నుంచి నేర్పిన మనిషి. శుక్రవారం రిటైరవుతున్నాడు. కనెక్షన్‌లో డేటా వచ్చిందా, వచ్చిందా అని ప్రోగ్రాములు మాటిమాటికీ కెర్నెల్ ప్రాణం తియ్యకుండా, వచ్చినప్పుడు కెర్నెలే కబురు పంపే ఏర్పాటు అది. వేగం చూస్తే కళ్లు తిరుగుతాయి. వీడ్కోలు రోజునే దాన్ని విడుదల చేద్దామని మేనేజరు ఊరంతా చాటేశాడు.

ఆమెకు మాత్రం ఒక్క సంగతి మింగుడు పడలేదు. ఒకే కనెక్షన్‌ను రెండు ప్రోగ్రాములు పంచుకున్నాయనుకోండి. ఒకటి మూసేసుకున్నా, రెండోది తెరిచే ఉంచింది కాబట్టి, మూసుకున్నదానికి కూడా కబుర్లు వస్తూనే ఉంటాయి. ఆపమని చెబుదామంటే దాని చేతిలో ఆ కనెక్షన్ నంబరు కూడా మిగలదు. ఇల్లు ఖాళీ చేసి పోయినవాడికి పాత ఇంటి కాలింగ్ బెల్లు వినబడుతూ ఉన్నట్టన్నమాట. చిన్న ప్రోగ్రాము రాసి చూసుకుంది. అనుమానం నిజమే. తర్వాత సరిదిద్దుకుందాం లెమ్మన్నాడు మేనేజరు. కెర్నెల్ ఒకసారి ఇచ్చిన మాటను వెనక్కి తీసుకోవడం ఉండదని అతనికీ తెలుసు. ఈలోగా ఎవడో ఒకడు ఆ తప్పునే నమ్ముకుని తన ప్రోగ్రాము రాసేసుకుని ఉంటాడు.

పని నేర్పినాయనకే అడ్డు చెబితే రేపు ఏ మొహం పెట్టుకుని ఎదురుపడతావని ఇంట్లో అత్తగారు నిలదీసింది. ఆయన తనతో మాట్లాడటం మానేస్తాడేమోనన్న భయం కోడలికీ నిండా ఉంది. అయినా మర్నాడు ఆఫీసు మెట్లెక్కేసరికి మనసు గట్టి చేసుకుంది. ఒప్పుకోనని మెయిల్ పెట్టేముందు ఆయన గదికెళ్లి, తన ప్రోగ్రామును ఆయన ఎదుటే నడిపింది.

తెర మీద అక్కర్లేని కబుర్లు వరసగా పడుతుంటే పెద్దాయన మొహం గంటు పెట్టుకున్నాడు.

"శుక్రవారం అయ్యాక చెప్పకూడదా అమ్మాయ్?"

"అప్పటికి మీరుండరు గురువుగారూ. దీన్ని మోసేది నేను. ఎక్కడో ఎవడో దీంతో తల బద్దలుకొట్టుకుని, ఇది రాసిందెవడ్రా అని మిమ్మల్ని తిడుతుంటే నేను వినలేను."

ఆమె కుర్చీలోంచి లేవలేదు. ఆయన ఇంకోసారి నడపమన్నాడు. అదీ చూశాడు. మేనేజరుకు ఫోను చేసి, డిజైన్ వెనక్కి తీసుకుంటున్నానని, శుక్రవారం విడుదల చేసేదేమీ లేదని ముక్తసరిగా చెప్పి పెట్టేశాడు. తర్వాత కీబోర్డు తన ముందుకు లాక్కున్నాడు.

"మూసినప్పుడు ఏం జరగాలో నువ్వు చెప్పు. నేను రాస్తా."