ఒకటో నంబరు నాణెం

సముద్రం ఒడ్డున దొరికి, ముప్పై ఏళ్లకు పైగా చీకట్లో మగ్గి, చివరికి ఒక శనివారం ఉదయం తన రహస్యాన్ని తానే బయటపెట్టిన లోహఖండం గాథ ఇది. ఇందులో మూడు సామ్రాజ్యాలున్నాయి. పండితుల వాదోపవాదాలున్నాయి. ఒక ఘోర తప్పిదం కూడా ఉంది.

ఇలా మొదలుపెడితే బాగుంటుందనిపించింది. నిజానికి ఇది పద్నాలుగు గళ్ల పట్టిక ఒకటి నింపిన కథ. మొదటి వరసలోనే ఇబ్బంది వచ్చింది, అంతే.

మూడేళ్ల కిందట, జూన్ మొదటి సోమవారం ఉదయం, కావలిలో సూచీకర్తగా విధుల్లో చేరాను. సూచీకర్త అంటే ఒకరి సేకరణలోని ప్రతి నాణేన్నీ తూచి, కొలిచి, ఫొటో తీసి, వివరాలు ఆన్‌లైన్ పట్టికలో ఎక్కించే ఉద్యోగి. పదవీకాలం పదకొండు వారాలు. నాకు పై అధికారి ఒక్కరే, కింద ఎవరూ లేరు. ప్రస్తుతం నా వయసు ఇరవై తొమ్మిది. విశ్రాంత జీవితం గడుపుతున్నాను.

పై అధికారి పేరు యేసురత్నం గారు. కావలి స్టేషన్‌లో బుకింగ్ క్లర్కుగా పనిచేసి రిటైరయ్యారు. కౌంటర్‌లోకి వింత నాణెం ఏదొచ్చినా జేబులోంచి తన చిల్లర వేసి దాన్ని తీసుకోవడం ఆయన అలవాటు. అలా ఆరువందల పదకొండు పోగయ్యాయి. వాటిని టికెట్లు పెట్టుకునే పాత చెక్క అరలో, ఒక్కోదాన్ని ఒక్కో కాగితం కవర్లో ఉంచారు. ప్లాస్టిక్ ఆల్బమ్‌లలో పెడితే కొన్నాళ్లకు నాణేలకు పచ్చటి జిగురు పడుతుంది. ఆయనకు ఆ సంగతి తెలియదు. కాగితం కవర్లు ఊరికే వచ్చాయి కాబట్టి వాడారు.

పట్టణంలోని ఒక కాలేజీ ప్రిన్సిపాల్ ఆ నాణేలకు లైబ్రరీలో అద్దాల బీరువా ఇస్తానన్నారు. షరతు ఏమిటంటే, ప్రతి నాణేనికీ పద్నాలుగు గళ్లూ నిండాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా బీరువా జువాలజీ వారి గవ్వలకు పోతుంది. గడువు ఆగస్టులో ఒక సోమవారం. యేసురత్నం గారికి వేరే దారి లేదు. "నేను పొయినాక ఇయ్యన్నీ పాత సామాన్లోడి తక్కెట్లోకి పోతాయి అబ్బయా," అని చేరిన రోజే చెప్పారు. తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పని తేలికే. ప్రపంచ నాణేలన్నిటికీ నంబర్లిచ్చిన వెబ్‌సైట్ ఒకటుంది. మన నాణెం బొమ్మ అందులో వెతికి, దొరికితే 'నా దగ్గరుంది' అని గుర్తు పెట్టాలి. దొరకకపోతే ఫోన్‌లో నాణేల గ్రూపుకు పంపాలి. ఆ గ్రూపు అడ్మిన్ పళ్ల డాక్టరు. రోజంతా జనానికి పళ్లు తోముకోమని చెప్పి, సాయంత్రాలు నాణేలు మాత్రం తోమవద్దని బతిమాలేవారు. గ్రూపు మొదటి నియమమే అది. తోమితే పైపొర పోతుంది, దాంతో వయసు చెప్పే సాక్ష్యమూ పోతుంది. నేను నియమం చదివి, అంగీకరిస్తున్నానని నొక్కి, లోపలికి వెళ్లాను.

పది వారాల్లో ఆరువందల పది పూర్తయ్యాయి. మిగిలింది ఒకటో నంబరు.

అది యేసురత్నం గారు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో వచ్చింది. ఒక చేపలాయన దోసెడు తడి చిల్లర పోసి నెల్లూరుకు టికెట్ తీసుకున్నాడట. సాయంత్రం లెక్క చూస్తే అందులో ఒకటి మామూలు నాణెం కాదు. నల్లగా, బిళ్లలా ఉంది. అంచు దగ్గర చిన్న చిల్లు. సేకరణ దానితోనే మొదలైంది. అది వలలో పడిన రాజుల కాలపు నాణెమని ఆయన నమ్మకం.

బొమ్మను బట్టి నాణెం పోల్చే యాప్‌లో పెట్టాను. మొదటిసారి గుండీ అంది. రెండోసారి బిస్కెట్ అంది. గ్రూపులో పెట్టాను. ఒకరు విజయనగరం అన్నారు. ఇంకొకరు పులికాట్‌కు వచ్చిన డచ్చి ఓడలదన్నారు. మూడో ఆయన చోళుల దాకా వెళ్లి అక్కడే ఉండిపోయారు. చిల్లు సంగతి మాత్రం అందరూ ఒప్పుకున్నారు, ఎవరో మెడలో కట్టుకుని ఉంటారని. అడ్మిన్ బరువు రెండు దశాంశాలకు కావాలన్నారు. బంగారం కొట్టుకు వెళ్లి తూయించాను. కొట్టాయన తూచి, చేయి కడుక్కున్నారు.

"దాన్ని 'తేలలేదు' అని రాసి పక్కన పెడదాం సార్," అని యేసురత్నం గారితో అన్నాను.

"ఒకటో నంబరు పక్కన పెడితే రెండో నంబరు ఎట్టా ఉంటాది?" అన్నారు.

అప్పుడు నేను ఒక వృత్తిపరమైన పొరపాటు చేశాను. శుక్రవారం సాయంత్రం, ఆయన ఇంట్లో ఫోన్ చూస్తూ, మసి వల్ల అక్షరాలు కనపడటం లేదని పైకి అన్నాను. వంటింట్లో ఆయన భార్య కరుణమ్మ గారున్నారు. ఆమె చర్చిలో కానుకల పళ్లేల బాధ్యురాలు. ప్రతి శనివారం పొద్దున ఆ ఇత్తడి పళ్లేలను ఇంటికి తెచ్చి, చింతపండు పట్టించి, మొహం కనపడేలా తోముతారు. గ్రూపు నియమం ఆమెకు తెలియదు. ఆమె గ్రూపులో లేరు.

శనివారం నేను వెళ్లేసరికి పెరట్లో రెండు పళ్లేలు, వాటి పక్కన ఒకటో నంబరు నాణెం, మూడూ ఎండలో ఆరుతున్నాయి. మూడిట్లోకీ నాణెమే ఎక్కువ మెరుస్తోంది.

"పాపం, అంత మంచి బిళ్లను అట్టా మసిగా పెట్టుకోనుండారు. పళ్లేలకి నానేసిన చింతపండు మిగిలింటే రుద్దినా," అన్నారు కరుణమ్మ గారు.

ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. తర్వాత అడ్మిన్, ఇది ఎవరు చేశారని అడిగారు. చర్చి వారన్నాను. చోళులాయన చేతులు జోడించిన బొమ్మ పెట్టి గ్రూపులోంచి వెళ్లిపోయారు.

ఆ తర్వాతే ఫొటో పెద్దది చేసి చూశాను. అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. పైన కావలి. కింద సైకిల్ స్టాండ్. మధ్యలో 47.

యేసురత్నం గారు బిళ్లను కళ్లద్దాల దగ్గరకు తెచ్చుకుని చదివారు. తిప్పి చూశారు. వెనక ఏమీ లేదు. తర్వాత బల్ల మీద వేశారు. బుకింగ్ క్లర్కులు నాణేన్ని అలా వేసి మోత విని మంచిచెడులు చెప్తారు. అది మోగలేదు.

"ఆ పొద్దు కూడా మోగలేదు అబ్బయా. కొత్తగా చేరినా గదా, నా చెవే మంచిది కాదనుకున్నా."

"ఆ నలభై ఏడో సైకిలు ఏమైందో పాపం," అన్నారు కరుణమ్మ గారు.

"నువ్వు ఊరుకో మే."

నేను ఉద్యోగధర్మంగా ఒక సలహా ఇచ్చాను. పాత నల్ల ఫొటో నా దగ్గరుంది. దాన్నే ఉంచి, ఎక్కువమంది చెప్పిన ప్రకారం 'ప్రాచీనం కావచ్చు' అని రాస్తే గళ్లన్నీ నిండుతాయి, సోమవారం గడిచిపోతుంది. గవ్వలవాళ్లకు తెలిసే అవకాశం లేదు.

ఆయన బిళ్లను కవర్లో పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు.

"టికెట్టు మీద ఏ ఊరు రాసుంటే ఆ ఊరికే గదా పొయ్యేది? దాని మీద సైకిల్ స్టాండని రాసుండాది. నువ్వూ అదే రాయి."

రాశాను. లోహం: ఇత్తడి. రకం: టోకెన్. కాలం గడిలో, స్టాండ్‌లో ఇత్తడి బిళ్లలు ఇచ్చిన రోజులు అని రాశాను. స్థితి గడి దగ్గర కొంచెం ఆగి, 'తోమబడింది' అని రాశాను. వెబ్‌సైట్‌లో టోకెన్లకు వేరే విభాగం, దానికో చిన్న గ్రూపు ఉన్నాయి. అందులో ఒకాయన పది నిమిషాల్లో జవాబిచ్చారు. 46, 48 కూడా ఉన్నాయా అని అడిగారు.

సోమవారం ప్రిన్సిపాల్ పట్టిక మొదటి వరస చూసి, నాణేల మధ్య సైకిల్ టోకెన్ ఎందుకుందని అడిగారు.

"చిల్లర కిందే తీసుకున్నా సార్," అన్నారు యేసురత్నం గారు. "పొరపాటు నాది. అందుకే ఒకటో నంబరు."

ప్రిన్సిపాల్ వేలితో గళ్లు లెక్కపెట్టుకుంటూ చివరిదాకా వెళ్లారు. పద్నాలుగూ నిండి ఉన్నాయి. గవ్వల పట్టికలో బరువు గడి ఖాళీగా ఉందట. బీరువా మాకు వచ్చింది. ఆ సాయంత్రమే నా పదవీ విరమణ జరిగింది. పూలదండ ప్రస్తావన రాలేదు. కరుణమ్మ గారు టీ ఇచ్చారు.

ఈ ఘటన వల్ల నేర్చుకున్నది ఇది. నాణెం చేతికి రాగానే ముందు ఫొటో తీయాలి, తర్వాత తూయాలి, ఆ తర్వాతే అభిప్రాయాలు అడగాలి. గ్రూపు నియమాలు గ్రూపులో లేనివాళ్లకు కూడా చదివి వినిపించాలి, ముఖ్యంగా శుక్రవారం.

మిగతా ఆరువందల పది నాణేలూ బీరువాలో గుడ్డ మీద పరిచి ఉన్నాయి. ఒకటో నంబరుకు చిల్లు ఉంది కాబట్టి మేకుకు తగిలించారు. చూడాలనుకునేవారు గుర్తుంచుకోవాల్సింది ఒకటే. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు వరకు లైబ్రరీ మూసి ఉంటుంది.