తూము మూల కొత్త సిమెంటు

డాబా కప్పు మీద నీరు దిగని షీటు పరిచే ముందు ఆ కప్పును సిద్ధం చేయడం ఆయన పని. పెచ్చులు ఊడగొట్టి, నాచు గీకి, పగుళ్లు పూడ్చి, దుమ్ము రవ్వ లేకుండా ఊడ్చి ఇస్తే, అల్లుడు వచ్చి షీటును మంటతో వేడిచేసి అతికించేవాడు. సుత్తితో తట్టి, చెవి ఒగ్గి, "ఇది డొల్ల" అని తేల్చేవాడు గనుక అందరికీ ఆయన డొల్ల మామ. అల్లుడు మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు అతని వీపు కూడా తట్టి చూశాడని ఇంట్లో వేళాకోళం.

అనుమానం ఆయనకు పుట్టుకతో వచ్చిన జబ్బని భార్య అనేది. కప్పు మీద మాత్రం అది అక్కరకొచ్చే జబ్బు. పైకి పొడిగా కనబడే సిమెంటు కడుపులో తడి దాచుకుంటుంది. ఆ తడి మీద షీటు వేస్తే ఎండ తగలగానే బుడగలు లేస్తాయి.

ఆ వారం బట్టలు కుట్టే ఒకావిడ ఇంటి డాబా ఒప్పుకున్నారు. వాననీళ్లు పోయే తూము దగ్గర మూల బాగా చెడింది. అక్కడి పెచ్చులన్నీ ఊడగొట్టాడు గానీ, వాన పట్టుకోవడంతో పూడ్చకుండానే దిగొచ్చాడు. వాన వెలిశాక వెళ్లి చూస్తే ఆ మూల నున్నగా, కొత్త సిమెంటుతో ఉంది.

గబగబా కిందికి దిగాడు.

"అమ్మా, పైకి ఎవరైనా వచ్చారా?"

ఆవిడ కుట్టు మిషను ఆపింది. "మీ అల్లుడే. మీతో చెప్పొద్దన్నాడు... అయ్యో, చెప్పేశానే."

చెప్పొద్దన్నాడా? ఆ మాట ఆయన మనసును తొలిచేసింది. పని తొందరగా తెమిల్చి ఇంకో చోటికి పోదామనా? లేక మామను పక్కనపెట్టి వేరు కుంపటి పెట్టుకుంటున్నాడా? ఎవరితోనూ ఏమీ అనకుండా పైకెక్కి, ఆ మూల మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, అంచులు టేపుతో బిగించి వెళ్లిపోయాడు.

మర్నాడు అల్లుడు షీటు చుట్టలు మోసుకొచ్చాడు. కాగితాన్ని చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఇంకా ఇదెందుకు మామయ్యా? గట్టిపడింది కదా."

ఆయన కాగితం ఎత్తి, అడుగు పైకి తిప్పాడు. నిండా నీటి చుక్కలు.

"తడి మీద పూశావు. ఎవరు పూయమన్నారు నిన్ను?"

అల్లుడు షీటు చుట్టలు కింద దించాడు. "మీ అమ్మాయి."

"అదా?"

"ఈ మూలల్లో మోకాళ్ల మీద కూర్చుంటే మీరు మర్నాడు మంచం దిగలేకపోతున్నారట. అత్తయ్య చెప్పిందట. మీకు చెబితే చేయనివ్వరని, మీరు రాకముందే చేసేద్దామనుకున్నాను. ఆరిందనే అనుకున్నా."

నిన్నటి నుంచి తిట్టుకున్న తిట్లన్నీ డొల్ల మామ మనసులోనే వెనక్కి తీసుకున్నాడు. అంతమాత్రాన తడి ఆరదు కదా. ఉలి తీసి అల్లుడి చేతికిచ్చాడు.

"కొట్టెయ్. నువ్వే కొట్టు."

తాను బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. అల్లుడు ప్రేమగా పూసిందంతా పెచ్చులై లేచింది. మూల బాగా ఎండాక మళ్లీ పూశారు. షీటు మడత పడి చిట్లకుండా గోడ వారగా సిమెంటును వాలుగా ఎలా దిద్దాలో ఆయన వేలితో గాల్లో గీసి చూపించాడు. ఈసారి కాగితం అడుగున ఒక్క చుక్క లేదు. షీటు పడింది. తర్వాతి వానకు ఇల్లు కారలేదని ఆవిడ కబురు పెడితే, ఆయన స్వయంగా వెళ్లి గది పైకప్పును చేత్తో తడిమి గానీ నమ్మలేదు.

షీటు వేసిన రోజు మెట్లు దిగుతూ అల్లుడి భుజం పట్టుకున్నాడు. అంతకు ముందెన్నడూ పట్టుకోలేదు. అల్లుడు నడక నెమ్మది చేశాడు.

ఇంటికి రాగానే కూతుర్ని పక్కకు పిలిచాడు.

"నా మోకాళ్ల సంగతి ఇంకా ఎవరెవరికి చెప్పావు?"