చేపకి కాపలా కాసిన మావయ్యగారు

మావయ్యగారు పోయారని తెల్లవారుతూనే విశాఖపట్నం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్ ఎత్తిన మా ఆయన "అలాగే" అని పెట్టేసి, గోడకి ఆనుకుని కూర్చుండిపోయారు. నేను మాత్రం "మళ్ళీ ఒకసారి చేసి, పేరు సరిగ్గా అడగండి" అన్నాను. అన్నాక తెలిసింది, ఆ మాట నాది కాదు, మావయ్యగారిది. ఎవరు పోయారని కబురొచ్చినా "సూసినోడు సెప్పేడా, ఇన్నోడు సెప్పేడా?" అని అడగందే ఆయన కండువా భుజాన వేసుకునేవారు కాదు. మా ఆయన మళ్ళీ ఫోన్ చేశారు. పేరు సరిపోయింది.

మీ ఇళ్ళల్లో అనుమానం మనిషి ఒకరున్నట్టయితే మా మావయ్యగారిని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. కాకపోతే ఈయనకి అనుమానం బతుకుతెరువు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక దళారీ కొట్లో సరుకు చూసే పని చేశారు. బెల్లం దిమ్మని బొటనవేలితో నొక్కి, అంచు విరిచి, వాసన చూసి, చిన్న పలుకు నాలుక మీద వేసుకుని ఊసేసేవారట. మళ్ళీ ఇంకో పలుకు వేసుకునేవారట. మరీ పచ్చగా మెరిసే బెల్లం వస్తే, మందు కలిపారేమోనని దిమ్మని వదిలేసి, తెచ్చినవాడి మొహం చూసేవారట. కొట్టు మానేశాక ఆ చూపు ఇంటి మీద పడింది. పాలవాడు పాలు పోస్తుంటే వంగి చూడాలి. మందుల అట్ట తిప్పి తిప్పి చూడాలి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో పులుసు చేసి "బాగుందా మావయ్యా?" అని అడిగితే, గరిటె వాసన చూసి "ఇంకా తేల్నేదు" అన్నారు. ఆ తీర్పు చాలా ఏళ్ళు అలాగే వాయిదాలో ఉండిపోయింది.

అత్తయ్యగారు ఆయనకి పూర్తిగా తిరగేసిన మనిషి. ఎవరేం చెప్పినా నమ్మేసేవారు. సొంతింట్లో ఉన్నన్నాళ్ళూ అన్నం తినబోయే ముందు పిట్టగోడ మీద కాకికి ముద్ద పెట్టేవారు. అపార్టుమెంటుకి మారాక బాల్కనీకి పావురాల వల కట్టేశారు. కాకి రాదు, ముద్ద పెట్టకుండా ఆవిడకి అన్నం దిగదు. మా ఆయన ముచ్చటపడి హాల్లో పెట్టిన అక్వేరియంలో ఒక గోల్డ్ ఫిష్ ఉండేది. ఆవిడ రెండు మెతుకులు వేళ్ళ మధ్య చిదిపి దానికి వేసి, "మూగజీవే కదా, ఎవులికైతే ఏటి" అని కంచం ముందు కూర్చునేవారు. చేప ఆ మెతుకుని నోట్లోకి తీసుకుని, ఊసేసి, మళ్ళీ తీసుకునేది. అది చూసి మావయ్యగారు "సూసేవా, ఇదీ నమ్మదు" అని మురిసిపోయేవారు. ఇంట్లో తనకి తోడు దొరికిందని ఆయన సంతోషం.

అత్తయ్యగారు పోయిన తరవాత ఆ రెండు మెతుకులూ ఆయన వేయడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పలేదు. భార్య పోయినప్పుడు ఏడవని మనిషి, మెతుకు చిదిపేటప్పుడు మాత్రం మాకు వీపు తిప్పి నిలబడేవారు.

ఆ ఏడాది వేసవి సెలవులు. నేను టీచర్ని, బడి లేక ఇంట్లోనే ఉన్నాను. ఒక ఉదయం చేప పక్కకి ఒరిగి నీళ్ళ పైన తేలుతోంది. పొట్ట ఒకవైపు నిమ్మకాయంత ఉబ్బింది. కిందికి దిగాలని తోక కొట్టుకుంటుంది, మళ్ళీ పైకి తేలిపోతుంది. మావయ్యగారు గాజుకి ముక్కు ఆనించి చాలాసేపు చూశారు. "ఇది మీ అత్త సేపమ్మా. ఆవిడ్ని ఆపనేకపోయేను. దీన్ని కూడా పంపించీమంటావేటి?" అన్నారు. 

చేపలమ్మే కొట్టుకి ఫోన్ చేశాను. కుర్రాడు ఓపిగ్గానే చెప్పాడు. పైనుంచి చూడండి, పొలుసులు నిక్కబొడుచుకుని ఉంటే లోపల నీరు చేరినట్టు, అప్పుడు కష్టం. పొలుసులు ఒంటికి అంటుకుని ఉంటే తిండి ఎక్కువై కడుపు బిగిసినట్టు, బతుకుతుంది. మావయ్యగారు పక్కన నిలబడి అంతా విని, "అమ్మినోడే రోగవూ సెప్తే ఎలాగ?" అన్నారు. అన్నా, బల్ల వేయించుకుని ఎక్కి, భూతద్దం పెట్టి పైనుంచి చూశారు. నన్నూ ఎక్కించారు. ఇద్దరం చెరోసారి చూశాక పొలుసులు అణిగే ఉన్నాయని ఒప్పుకున్నారు.

తొట్టెలో నీళ్ళే కొన్ని ప్లాస్టిక్ టబ్బులోకి తీసి, అందులోకి చేపని మార్చాం. కుర్రాడు చెప్పినట్టే మందుల షాపు నుంచి భేది ఉప్పు, అదే ఎప్సమ్ సాల్ట్, తెచ్చి కొద్దిగా కలిపాం. "సేపకి భేదుప్పేటి, ఈడి మొహం" అంటూనే ఆయన చెంచా గీటు చూసుకుని మరీ కలిపారు. కొన్నాళ్ళు ఏమీ పెట్టకుండా పస్తుంచాం. తరవాత బఠాణీ ఉడకబెట్టి, తొక్క తీసి, గోటితో గిల్లి పలుకు పలుకుగా వేశాను. వేసేముందు ఒకటి ఆయన నమిలి చూశారు. చేప పొట్ట వాపు తీసింది, నిటారుగా ఈదింది. మళ్ళీ తొట్టెలో వేశాం. ఆయన ఆ పూట రెండోసారి టీ అడిగి తాగారు.

వారం తిరక్కుండా మళ్ళీ ఉబ్బింది. ఇక ఇల్లు మార్కెట్టయిపోయింది. ఎవరో దొంగతనంగా పెడుతున్నారని ఆయన తేల్చేశారు. మేత డబ్బాకి పురికొస చుట్టి, బస్తా మూతికి వేసే ముడి వేశారు. అది ఆయన తప్ప ఎవరూ విప్పలేరు. పనిచేసే వరాలుని నిలబెట్టి అడిగారు.

"నువ్వేటైనా ఎట్టేవా?"

"నా పిల్లలకే టయానికి ఎట్టనేక సత్తన్నాను తాతా, నీ సేపకెట్టడానికొచ్చేనా? మీ కోడల్ని అడుగు" అంది వరాలు.

నన్నూ అడిగారు. లేదన్నాను. "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ"కి అర్థం నాకు తెలుసు, ఒళ్ళు మండింది. మా ఆయన రాత్రి అన్నం తింటుంటే మావయ్యగారు ఆ కంచం వైపే చూస్తూ కూర్చున్నారు. చివరికి వాలుకుర్చీ లాక్కొచ్చి అక్వేరియం ముందే వేసుకుని కాపలా మొదలుపెట్టారు. ఇంట్లో నలుగురం ఒకరి చేతులు ఒకరం చూసుకుంటూ తిరిగాం. డబ్బా ముడి ఊడలేదు. చేప పొట్ట తగ్గలేదు. దాని వెనక రెట్ట తెల్లటి దారంలా వేలాడుతుంటే ఆయనే పట్టుకున్నారు. "ఇది అన్నవమ్మా. నా రెండు మెతుకులకి ఇంత ఉబ్బదు. ఎవడో పెడతన్నాడు."

ఆ మధ్యాహ్నం నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. నిజం చెప్పొద్దూ, నాకూ ఆయన మీదే అనుమానం. ఆయన కంచం ముందు కూర్చుని, రెండు మెతుకులు తీసుకుని, లేచి, చేపకి వేసి వచ్చారు. చేయి కడుక్కున్నారు. కంచం వైపు చూశారు. ఏదో మరిచిపోయినట్టు ఆగి, మళ్ళీ రెండు మెతుకులు తీసుకుని లేచారు. మళ్ళీ వచ్చి కూర్చున్నారు. కూర కలిపి, కలిపిన చేయి అలాగే ఉంచి, తొట్టె వైపు చూసి, మళ్ళీ లేచారు. ప్రతిసారీ అదే నెమ్మది, అదే భక్తి. ప్రతిసారీ అదే మొదటిసారి. 

ఏం చెప్పను? "మావయ్యా, నేనే పెడుతున్నాను. జాలేసి" అన్నాను.

ఆయన నన్ను కిటికీ దగ్గరికి రమ్మన్నారు. వెలుగులో నా మొహం చూశారు. మరీ పచ్చగా మెరిసే దిమ్మని తెచ్చినవాడి మొహం ఎలా చూసేవారో అప్పుడు నాకు తెలిసింది.

"నువ్వు కాదు" అన్నారు.  తన వేళ్ళు చూసుకున్నారు, కూర అంటిన వేళ్ళకి అన్నం మెతుకు అంటుకుని ఉంది. "నాను కదేటి?"

నేను ఏడ్చేశాను. ఆయన ఏడవలేదు. కుర్చీలో కూర్చుని, చేప వైపు చూస్తూ, "దొంగని కాపలా ఎట్టేమమ్మా" అన్నారు. తరవాత నా వైపు తిరిగి, "రేపట్నించి నన్ను అనుమానించు. నీకు సేతనవుద్ది" అన్నారు.

జీవితంలో ఎవరినీ నమ్మని మనిషి తనని అనుమానించే పని నా చేతిలో పెట్టారు. పురికొస ముడి తన చేతులకి గుర్తుంటుందని ఆయనే విప్పేసి, నా జడ రిబ్బనుతో నన్నే ముడి వేయమన్నారు. డాక్టరు మతిమరుపు మొదలైందని చెబితే, ఆ డాక్టర్ని మాత్రం అనుమానించలేదు. చేపని మళ్ళీ టబ్బులో వేసి, ఉప్పు కలిపి, పస్తుంచి, బఠాణీ పెట్టి లేవదీశాం. ఆ తరవాత రోజూ మధ్యాహ్నం రెండు మెతుకులు నేనే ఆయన అరచేతిలో పెట్టేదాన్ని. ఆయన చిదిపి వేసి వచ్చి కూర్చునేవారు. కాసేపటికి అడిగేవారు.

"సేపకి పెట్టేనా?"

"పెట్టేసేరు మావయ్యా."

అంతే, కలుపుకుని తినేవారు. బడి తెరిచాక ఆ సమయానికి ఫోన్ చేసేదాన్ని. కొన్నాళ్ళకి నా పేరు మరిచిపోయారు. వరాలుని తన అక్క అనుకున్నారు. ఆ ఒక్క జవాబుని మాత్రం ఎప్పుడూ తిరిగి ప్రశ్నించలేదు.

ఆసుపత్రిలో ఆఖరి సాయంత్రం, రాత్రికి ఎవరినీ ఉండనివ్వరని మేం ఇంటికి బయల్దేరే ముందు, ఆయన పక్కన ఉన్నది నేనే. ఊపిరి కష్టంగా ఉంది. చాలాసేపు కళ్ళు మూసుకుని ఉండి, తెరిచి, "సేపకి పెట్టేనా?" అన్నారు. మేమంతా విశాఖపట్నంలో పడి ఉన్నాం, ఆ రోజు ఇంట్లో దానికి ఎవరూ ఏమీ పెట్టలేదు.

"పెట్టేసేరు మావయ్యా" అన్నాను.

ఆయన తల తిప్పి నా మొహం చూశారు. పాత చూపే. నా చేయి తీసుకుని బొటనవేలితో అరచేతిలో ఒకసారి నొక్కారు. "ఊఁ" అన్నారు. తేలిందో లేదో చెప్పలేదు.

మీతో ఈ మాటలు చెప్పుకోవడానికి ఆయన కర్మ అయ్యేదాకా ఆగాను. ఆ రోజు చుట్టాలు తినేసి వెళ్ళిపోయాక నేను కంచం ముందు కూర్చున్నాను. రెండు మెతుకులు తీసుకుని, చిదిపి, తొట్టెలో వేశాను. చేయి కడుక్కుని వచ్చాక వేశానా లేదా అని అనుమానం వచ్చింది. వెళ్ళి ఆయన వాలుకుర్చీ పక్కన నిలబడి చూశాను. మెతుకు ఇంకా నీళ్ళలో మెల్లగా దిగుతోంది. చేప దాని చుట్టూ ఒకసారి తిరిగింది. నోట్లోకి తీసుకుంది, ఊసేసింది. కాసేపు ఆగి, దగ్గరికొచ్చి చూసి, మళ్ళీ తీసుకుంది.