కింద పడిన మెతుకులు

ఆదివారం ఉదయం ఏడున్నరకి ఫోన్ మోగింది. తెర మీద మా ఫిజియో గారి పేరు చూడగానే వంటింట్లోకి పరుగెత్తి, ఎడమ చేతికి ఓవెన్ గ్లవ్ తొడుక్కుని, అప్పుడు కుడి చేత్తో ఫోన్ ఎత్తాను. మాట్లాడింది ఆయన కాదు, ఆయన భార్య.

"బాబూ, ఆయన ఇంక లేరు. నిద్దట్లోనే ఎలిపోయారు" అన్నారామె.

మధ్యాహ్నం దాకా నేను ఆ గ్లవ్ తియ్యలేదు. తియ్యమని మా ఆవిడా అనలేదు.

ఆ గ్లవ్ సంగతి చెప్పాలి. మూడేళ్ల క్రితం పక్షవాతం వచ్చి నా కుడి చెయ్యి పడిపోయింది. ఆసుపత్రి నుంచి వసంత్ కుంజ్‌లో మా ఫ్లాట్‌కి వచ్చేనాటికి వేళ్లు కొద్దిగా తెరుచుకుంటున్నాయి, అంతే. మా ఆవిడ మంచి మనిషి. అన్నం కలిపి, ముద్దలు చేసి, నోట్లో పెట్టేది. యాభై మూడేళ్లవాణ్ని, ఆఫీసులో నలభై మందికి మేనేజర్ని, ఇంట్లో గోరుముద్దలు తింటున్నాను. కారు నడపడం, కంప్యూటర్ ముందు కూర్చోవడం తర్వాత సంగతి. నా కుడి చేత్తో నేనే ఆవకాయ అన్నం కలుపుకుని తినాలి. అప్పట్లో నాకున్న కోరిక అదొక్కటే.

మా ఫిజియో గారిది శ్రీకాకుళం. సైనిక ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యారు. కటవారియా సరాయ్‌లో, పరీక్షలకు చదివే పిల్లల అద్దె గదుల మధ్య ఉండేవారు. అక్కణ్నుంచి పాత స్కూటర్ మీద వచ్చేవారు. మొదటి రోజు సరిగ్గా నా నోట్లో ముద్ద ఉండగా లోపలికి అడుగుపెట్టారు.

"అమ్మా, ఆయన చెయ్యింకా సర్వీసులోనే ఉన్నాది. మీరే దానికి పెన్షనిచ్చి ఇంటికి పంపీసేరు" అన్నారు మా ఆవిడతో.

తర్వాత వంటింట్లో కొక్కేనికి వేలాడుతున్న ఓవెన్ గ్లవ్ తెచ్చి, నా మంచి చేతికి తొడిగారు. అవసరమైన పనులు మంచి చెయ్యే చేసిపెడుతుంటే, మెదడు రెండోదాన్ని మర్చిపోతుందట. అందుకని మంచిదాన్ని కట్టేసి, పడిపోయినదానికే రోజంతా పని చెప్పాలట. "అందరికీ పనికొచ్చే వైద్యం కాదండి ఇది. మీ వేళ్లు కాస్త ఆడుతున్నాయి గనక చేయిస్తున్నాను" అన్నారు. మెట్లెక్కేటప్పుడు, వేడి వస్తువులు ముట్టుకునేటప్పుడు తప్ప గ్లవ్ తియ్యనని కాగితం రాయించి, సంతకం కూడా కుడి చేత్తోనే పెట్టించారు. ఆ సంతకం బ్యాంకులో చూపిస్తే పోలీసుల్ని పిలుస్తారు.

జూన్ ఎండలో బాల్కనీలో గ్లవ్‌తో కూర్చుంటే ఎదురింటి పంజాబీ ఆంటీ "భాయ్ సాబ్, జల్ గయా క్యా?" అంటూ కాలిన గాయాల మందు పంపింది. ఒకసారి కాదు, మూడు సార్లు.

ఫిజియో గారికొక అలవాటుండేది. రాగానే నా చెయ్యి చూసేవారు కాదు. ఫోన్లో లైటు వెలిగించి డైనింగ్ టేబుల్ కిందకి దూరేవారు. అందుకోసం ఆయన వచ్చి వెళ్లేదాకా కింద ఊడవకూడదు. "మెతుకులు రాలితే చెయ్యి పనిచేసినట్టు. నేల శుభ్రంగా ఉన్నాదంటే ఎవరో తినిపిస్తున్నట్టు" అనేవారు.

ఇక్కడే నా బుర్ర పనిచేసింది. ఒకరోజు ఆకలికి తట్టుకోలేక, మా ఆవిడ బయటికి వెళ్లగానే గ్లవ్ తీసేసి, ఎడమ చేత్తో ఆవకాయ అన్నం ఆవురావురుమని తినేశాను. ఆ తర్వాత గిన్నెలోంచి గుప్పెడు అన్నం తీసి టేబుల్ కింద చల్లి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. ఆయన వచ్చారు, దూరారు. చాలాసేపు బయటికి రాలేదు.

"సార్" అని కిందనుంచే పిలిచారు. "కంచంలో ఆవకాయ ఎర్రగా ఉన్నాది. మెతుకులేటండీ, తెల్లగా రాలాయి?"

ఆయన పైకొచ్చి, మోకాళ్లు దులుపుకుని, టీ అడిగారు. ఒక్క మాట తిట్టలేదు. "మెదడు సర్కారీ దఫ్తరండి. అర్జీ రోజూ పెట్టాలి. ఒకరోజు మానీసేరా, ఫైలు అడుక్కెళిపోద్ది" అన్నారు.

గుర్‌గావ్‌లో ఒక పెద్ద ఆసుపత్రికి కూడా ఆయనే పంపారు. అక్కడ చేతికి మిషన్ తొడుగు తగిలిస్తే, కంప్యూటర్ ఆటలో తెర మీద ఆపిల్ పళ్లు కోయాలి. కొత్త పద్ధతులంటే ఆయనకి ఇష్టమే. "మిషన్ మంచిదే. వెయ్యిసార్లు చేయించినా విసుక్కోదు. కానైతే ఆ పండు నోట్లోకి రాదు కదండీ" అనేవారు.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం ఆయన ఎదురుగానే నా కుడి చేత్తో ఆవకాయ అన్నం కలిపాను. మొదటి ముద్ద గడ్డానికి తగిలింది. రెండోది బనీను మీద పడింది. మూడోది నోట్లోకి వెళ్లింది. నేను చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను.

"ఏడవండి, పర్లేదు. కళ్లు మాత్రం కుడి చేత్తోనే తుడుచుకోవాల" అన్నారాయన.

తుడుచుకున్నాను. ఆ చేతి నిండా ఆవకాయ ఉన్న సంగతి ఇద్దరం మర్చిపోయాం. అరగంట సేపు పంపు కింద నా తల పట్టుకుని కళ్లు కడుగుతూ, "తప్పు నాదేనండి, తప్పు నాదేనండి" అంటూనే ఉన్నారు. మధ్యలో నవ్వు ఆపుకోలేకపోయారు. ఇంత చేసిన మనిషికి ఒక్కసారైనా గట్టిగా కృతజ్ఞత చెప్పుకోలేదు నేను. ఆ బాధ నాకు ఉండిపోయింది.

ఆయన పోయిన పన్నెండో రోజు భోజనాలు బారాత్ ఘర్‌లో పెట్టారు. మామూలుగా పెళ్లిళ్లు జరిగే హాలు. బంతిలో సగం మంది ఆయన చేతుల్లో బాగుపడినవాళ్లే. వంటవాళ్లు చెంచాలు వేస్తుంటే అందరూ పక్కకి నెట్టేశారు. నా పక్కన ఒక రిటైర్డ్ కల్నల్ గారు. ఆయనకి పడిపోయింది ఎడమ చెయ్యి. దాంతోనే మజ్జిగ గ్లాసెత్తి, సగం తాగి, సగం చొక్కాకి పోశారు. "ఠీక్ హై, ఆజ్ చల్తా హై" అని, ఇవాళ్టికి ఇది చాలన్నట్టు తనకు తనే చెప్పుకున్నారు.

బంతి లేచాక ఊడవడానికి చీపురుతో మనిషి వచ్చింది. ఫిజియో గారి భార్య ఆమెని ఆపి, "కాసేపుండనీ" అన్నారు. అప్పుడు చూశాను. విస్తళ్ల చుట్టూ నేలంతా మెతుకులే. నా దగ్గరైతే ఎర్రటివి.

గోడ వారగా, ఫోటో ముందు, ఆయన కోసం అన్నీ వడ్డించిన విస్తరి ఒకటుంది. దాని చుట్టూ మాత్రం నేల శుభ్రంగా ఉంది.