కనపడని బంతికి దెబ్బ

ఆ నాటకశాల వడ్రంగిని చిన్నా పెద్దా అందరూ చెక్కల మావయ్య అనేవారు. ముప్పై ఏళ్లుగా అక్కడ ఆడుతున్నది ఒకే సంగీత నాటకం. ఎప్పుడూ ఓడిపోయే క్రికెట్ జట్టు పాడుకుంటూ పాడుకుంటూ చివరి బంతికి గెలుస్తుంది. బోలెడు బహుమతులు కొట్టిన నాటకమే గానీ, అందులో ఒక్కటంటే ఒక్క బంతి లేదు! స్టేజీ మీద నిజం బంతి కొడితే లైట్లు మిగులుతాయా? ఆటగాడు ఉత్త గాలిలోకి బ్యాట్ ఊపుతాడు. తెర పక్కన మావయ్య రెండు టేకు చెక్కలు టక్కుమనిపిస్తాడు. అంతే, హాల్లో తలలన్నీ ఎగిరే బంతి కోసం పైకి లేస్తాయి.

దీనికి ఇంట్లో సాధన కూడానూ! అత్తయ్య చీపురు ఊపాలి, ఆయన ఆవిడ ఎడమ మడమ లేవడం చూసి కొట్టాలి.

"చేతులు చూడకుండా కాళ్లు చూస్తారేంటి?" అనేది అత్తయ్య.

"చేతులు అబద్ధం చెప్తాయే. మడమ చెప్పదు."

"బాగుంది సంబడం! ఎవరో తలుపు కొడుతున్నారని పక్కింటాయన పదిసార్లు లేచాడు."

ఇంతలో కొత్త దర్శకుడొచ్చాడు. "మావయ్యా, ఆ చప్పుడు రికార్డు చేయించాను, తాళానికి సరిగ్గా పడుతుంది. ఇవాళ్టి ఆటకి మీరే కొట్టండి. ఒక్క దెబ్బ తప్పినా రేపట్నుంచి మిషనే" అన్నాడు. ఆ చెక్కలు తప్ప మావయ్యకి వేరే వేషమేముంది పాపం?

దెబ్బలన్నీ సరిగ్గానే పడ్డాయి. మిగిలింది చివరి పాట, గెలుపు బంతి. ఆటగాడు బ్యాట్ ఎత్తాడో లేదో, టోపీ జారి కళ్ల మీద పడింది! దెబ్బ పడాల్సిన తాళం కాస్తా దాటిపోయింది. వాద్యగాళ్లు బిక్కమొహాలు వేసుకుని అదే వరస మళ్లీ వాయించారు. మిషనయితే ఈపాటికే మోగి జట్టు పరువు తీసి ఉండేది. పక్కనే నిలబడ్డ దర్శకుడు "కొట్టండి, కొట్టండి!" అని గుసగుసగా అరిచాడు. మావయ్య వింటేనా! చెక్కలెత్తి అలాగే నిలబడ్డాడు. ఆటగాడు టోపీ వెనక్కి తోసుకున్నాడు, నవ్వాడు, బ్యాట్ తిప్పాడు. మడమ లేచింది.

టక్!

హాలంతా ఈలలే ఈలలు. మావయ్యకి సంతోషంతో కళ్లనీళ్లు ఆగలేదు. తుడుచుకుని పక్కకు తిరిగితే, దర్శకుడు మెడ సాచి పైకప్పంతా వెతుకుతున్నాడు.

"ఏంటి బాబూ, చూస్తున్నారు?"

"బంతి ఎటు పోయిందా అని..." అనేసి దర్శకుడు నాలుక కరుచుకున్నాడు. "రేపు కాస్త పెందలాడే రండి మావయ్యా."